మా తోడల్లుడి చావులు

ఆయన పోయారని ఫోనొస్తే, మా ఆవిడ వంటింట్లోంచి "ఏ సినిమాలో?" అని అడిగింది.

నేను రిసీవర్ చేత్తో మూసి, "సినిమాలో కాదు, నిజంగానే," అన్నాను. ఆవిడ చేతిలో గరిటెతోనే బయటికొచ్చి నా మొహంలోకి చూసింది. కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో పక్కున నవ్వి, నవ్వినందుకు తన్ను తానే తిట్టుకుని మళ్లీ ఏడ్చింది. ఆ రోజు తెనాలిలో మా ఇంటికి పలకరింపుకి వచ్చిన వాళ్లందరిదీ అదే వరస. గుమ్మంలోకి కళ్లు తుడుచుకుంటూ వచ్చేవాళ్లు. కాఫీ చేతికి అందేలోపే "ఆ మెట్ల మీంచి దొర్లి పోయిన సినిమాలో అయితేనండీ..." అని మొదలుపెట్టేవాళ్లు. వీధిలో పోయేవాళ్లకి మా ఇంట్లో పెళ్లిచూపులేవో జరుగుతున్నాయనిపించి ఉంటుంది.

ఆయన నాకు తోడల్లుడు. మా ఆవిడకి అక్క మొగుడు. నేను ఆయన్ని అన్నయ్యగారూ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడూ అనేవారు. అరవైల్లో, డెబ్బైల్లో సినిమాలు చూసిన వాళ్లకి పేరు చెబితే గుర్తు రారు. మొహం చూపిస్తే మాత్రం "ఓ, ఈయనా! ఈయన పోతాడుగా," అంటారు. హీరోయిన్ తండ్రి, హీరోని పెంచిన మేష్టారు, జమీందారు దగ్గర నమ్మకస్తుడైన దివాన్జీ... ఏ వేషం కట్టినా ఇంటర్వెల్ లోపల పోవాల్సిందే. ఆయన పోతేనే కథ కదిలేది. హీరో పట్నం వెళ్లాలన్నా, హీరోయిన్ కష్టాల పాలవ్వాలన్నా, విలన్ ఆస్తి కాజేయాలన్నా ముందు ఈయన మంచం ఎక్కాలి. మద్రాసులో కథలు రాసేవాళ్లకి ఆయన మీద చాలా భరోసా ఉండేది.

అంతకుముందు తెనాలి మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా. కూర్చునేది కూడా జనన మరణాల సెక్షన్లోనే. సాయంత్రాలు నాటకాలు వేసేవారు. మద్రాసు నుంచి ఎవరో చూసి రమ్మన్నారని ఉద్యోగం మానేస్తానన్నప్పుడు, రేపల్లెలో మా అత్తగారింట్లో పెద్ద పంచాయితీ జరిగింది. బంధువులందరూ తలా ఒక మాట అన్నారు. ఆయన తలొంచుకుని అన్నీ విని, చివరికి చెప్పిన జవాబు ఇది: "ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల చావులు రాశానండి. ఇక నావి నేను చూసుకుంటాను." ఆ మాట ఎందుకన్నారో గానీ, అది అంత నిజమవుతుందని అప్పటికి ఆయనకీ తెలీదు.

ఆ రోజు ఆయన్ని గట్టెక్కించింది మా అత్తగారు. ఆవిడ అల్లుళ్ల ఎదట పడేది కాదు. ఆ కాలపు పెద్దవాళ్ల పద్ధతి అది. మేం హాల్లో కూర్చుంటే ఆవిడ మధ్య గదిలో తలుపు చాటున నిలబడి, కూతుళ్లతో చెబుతున్నట్టు మాకు చెప్పేది. "చిన్నల్లుడుగారిని కాళ్లు కడుక్కోమనవే" అంటే నేను లేచి కాళ్లు కడుక్కునేవాణ్ణి. మేం కూడా ఆవిడ తలుపు దగ్గర ఉందని తెలిస్తే నిటారుగా, బిగదీసుకుని కూర్చునేవాళ్లం. ఆ పంచాయితీలో అందరూ అలిసిపోయాక తలుపు చాటు నుంచి ఆవిడ గొంతు వినబడింది. "పెద్దల్లుడుగారిని వెళ్లమనవే. ఊరంతా చూసే తెర మీద మనింటి మనిషిని నేనూ చూస్తాను." అంతే, పంచాయితీ అక్కడితో ముగిసింది. ఆ ఇంట్లో మా మామగారి మాట కూడా ఆవిడ మాట తర్వాతే.

మొదటి సినిమా తెనాలిలో వచ్చినప్పుడు ఆవిడ పట్టుచీర కట్టుకుని, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని రేపల్లె నుంచి రైల్లో దిగింది. బెంచీ క్లాసులో ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చుంది. తెర మీద అల్లుడు కనిపించాడు. దగ్గాడు. మళ్లీ దగ్గాడు. అమ్మాయి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి మెడ వాల్చేశాడు. తెర మీది ఆడమనిషి గాజులు పగలగొట్టుకునేలోపే మా అత్తగారు లేచి నిలబడి, మా వదిన జబ్బ పట్టుకుని "పదవే," అంది. హాలు బయట గాజుల కొట్టు ఉంది. అక్కడికక్కడే కూతురి రెండు చేతులకీ కొత్త గాజులు తొడిగించి, నుదుట బొట్టు దిద్ది, అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

"నా కూతురి మొగుడు చివరిదాకా బతికుండే సినిమా వచ్చినప్పుడు చెప్పండి, చూస్తాను. అందాకా నేను హాలు గుమ్మం తొక్కను," అని ఒట్టు పెట్టుకుంది. మా వదినని కూడా తొక్కనివ్వలేదు.

అప్పటి నుంచి ఆయన సినిమా వచ్చినప్పుడల్లా రేపల్లె నుంచి కబురొచ్చేది. తెనాలిలోనే ఉంటున్న మా వదిన వెళ్లి కొత్త గాజులు తొడిగించుకుని వచ్చేది. పాతవి తీయనిచ్చేది కాదు మా అత్తగారు. కొన్నాళ్లకి మా వదిన చెయ్యెత్తితే మోచేతి దాకా గాజులే. పాపం పచ్చడి నూరడానికి కూర్చుంటే రుబ్బురోలు చప్పుడు కంటే ఈ చప్పుడే ఎక్కువగా ఉండేది. "ఈయన కాస్త తక్కువ చస్తే బాగుండు, చేతులు దురదలు పెడుతున్నాయి," అనేది. ఆ మాట పొరుగావిడ విని హడలిపోయింది ఒకసారి.

ఆయన మటుకు చావుని కళగా తీసుకున్నారు. షూటింగుల్లో మంచాల నిండా నల్లులుంటాయని సొంత దిండు తీసుకెళ్లేవారు. దానికి మా వదిన ఎదురెదురుగా రెండు చిలకలు కుట్టిన గలీబు. జమీందారుగా పోయినా, బీద రైతుగా పోయినా తల కింద అవే చిలకలు. కొన్నాళ్లకి మా డెల్టా జనం కనిపెట్టేశారు. తెర మీద దిండు కనబడగానే నేల క్లాసులోంచి "చిలకలొచ్చినయ్యిరోయ్, పోతాడు!" అని కేక పడేది. ఆయన ఇంకా ఆరోగ్యంగా నవ్వుతూ పెరుగన్నం తింటూ ఉండేవారు సినిమాలో.

"తమ్ముడూ, చావడం తేలిక. చచ్చి ఉండటం కష్టం," అనేవారు. ఆయనకి చక్కిలిగింత ఎక్కువ. హీరోయిన్ పొట్ట మీద పడి ఏడుస్తుంటే కదలకుండా ఉండాలి. కళ్లు తెరుచుకుని పోయే చావైతే లైట్ల వేడికి కళ్లమ్మట నీళ్లు కారతాయి. డైరెక్టరు "శవం ఏడుస్తోందేంటయ్యా!" అని అరుస్తాడు. ఇవన్నీ మా ఇంటి వరండాలో పడుకుని చేసి చూపించేవారు. పెళ్లిళ్లలో పిల్లలు చుట్టూ మూగి "పెదనాన్నా, ఒక్కసారి చావవా?" అని బతిమాలేవాళ్లు. "గుండెపోటా, పాముకాటా?" అని అడిగి, వాళ్లు కోరినట్టు విస్తరి ముందే పోయేవారు. వడ్డించేవాడు బూరెల పళ్లెంతో ఆయన మీంచి దాటలేక నిలబడిపోయేవాడు. "వేసెయ్యవయ్యా, లేచి తింటాను," అనేవారు కళ్లు తెరవకుండా.

అన్ని చావుల్లోకీ ఆయనకి పేరు తెచ్చిందీ, ప్రాణం మీదికి తెచ్చిందీ ఒకటుంది. అందులో ఆయన దివాన్జీ. కత్తిపోటు తిని, హీరో ఒళ్లో తల పెట్టి, "బాబూ... ఆ పెట్టె... ఆ పెట్టె ఎక్కడుందంటే..." అంటూ పోతారు. బ్రహ్మాండంగా పోయారు. జనం వెక్కి వెక్కి ఏడ్చారు. అయితే తర్వాత సినిమా అంతా చూసినా ఆ పెట్టె ఊసే రాదు. రాసినవాడు మర్చిపోయాడో, తీసి కత్తిరించారో తెలీదు. హీరో కూడా వెతకడు. పెళ్లి చేసుకుని పాట పాడతాడు.

ఇక చూడండి. తెనాలి స్టేషన్లో పూలమ్మే ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని నిలదీసింది. "ఒక్క ముక్క చెప్పి పోతే నీ సొమ్మేం పోయిందయ్యా? పెట్టె ఎక్కడుంది?" కొలకలూరు నుంచి వడ్ల బండి మీద వచ్చిన పెద్దాయనొకాయన నడిరోడ్డు మీద ఎద్దుల్ని ఆపి "మాకు చెప్పండి, మేం ఎవరికీ చెప్పం," అన్నాడు. క్షవరం చేయించుకుంటుంటే మంగలి కత్తి గొంతు మీద ఆనించి మరీ అడిగాడట. ఆయన నిజంగానే వెళ్లి డైరెక్టరుని అడిగారు. "నువ్వు పోయావుగా, నీకెందుకయ్యా పెట్టె?" అన్నాడట ఆయన. ఊళ్లో వాళ్లకి తెలీదని చెబితే నమ్మరు కదా. అందుకని ఎవరడిగినా చిన్నగా నవ్వి, "సమయం రానివ్వండి, చెప్తాను," అనడం అలవాటు చేసుకున్నారు.

ఇలా సరదాగా సాగిపోతుండగా మా అత్తగారి కంటిచూపు మందగించింది. నేను అప్పుడు బాపట్లలో కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. తెనాలి నుంచి రోజూ పాసింజరులో వెళ్లొచ్చేవాణ్ణి. ఆవిణ్ణీ మా ఆవిణ్ణీ బాపట్ల తీసుకెళ్లి కళ్ల డాక్టరుకి చూపించాను. నీటికాసులన్నాడు. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది కూడా మెల్లగా మూసుకుపోతోంది, వచ్చే వానాకాలం దాటడం కష్టం అన్నాడు. ఆవిడ ఏమీ కంగారు పడలేదు. తిరుగు రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చుని, మా ఆవిడతో "పెద్దల్లుడుగారిని ఇక చూడనన్నమాట," అంది. అంతే.

ఆ మాట ఆయనకి చెప్పింది నేనే. చిలకల దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చుని విన్నారు. ఆ మర్నాడే మద్రాసు మెయిలెక్కారు.

అప్పటికి ఆయనకో పెద్ద వేషం వచ్చింది. మహా పెద్ద చావు. ఒక రీలంతా పోతూనే ఉంటారు. ముగ్గురు కొడుకులూ ఒకరి తర్వాత ఒకరు వస్తారు, అందరికీ తలో మాట చెప్పి, పాట కూడా పాడి పోవాలి. దాని కోసం ఆయన కొన్నాళ్లుగా కాచుకుని ఉన్నారు. అది వదిలేశారు. అదే కంపెనీ తీస్తున్న ఇంకో సినిమాలో హీరోయిన్ మేనమామ వేషం అడిగి పుచ్చుకున్నారు. మేనమామకి పెద్ద మాటల్లేవు. ఒకచోట "అయ్యో!" అంటాడు, ఒకచోట మజ్జిగ తాగుతాడు. కానీ కథ చివర అందరూ వరసగా నిలబడి నవ్వుతారు చూడండి, అందులో మేనమామ ఉంటాడు. బతికి ఉంటాడు.

"నువ్వు బతికితే జనం ఒప్పుకోరయ్యా," అన్నాడట డైరెక్టరు.

"ఒక్కసారికి ఒప్పుకోమనండి సార్. మా అత్తగారు చూడాలి," అన్నారట ఈయన.

నాతో మాత్రం "చావులు మళ్లీ వస్తాయి తమ్ముడూ," అన్నారు. కానీ ఆ పెద్ద చావు ఇంకెవరికో వెళ్లి, ఆ వేసినాయనకి మంచి పేరు వచ్చినప్పుడు ఈయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

సినిమా ముందు బాపట్లలో పడింది. ఆయన షూటింగులో ఉన్నారు. చూసి చెప్పమన్నారు. కాలేజీ అయ్యాక మ్యాట్నీకి వెళ్లాను. అయ్యో అన్నారు, బాగుంది. మజ్జిగ తాగారు, బాగుంది. చివర్లో పోలీసు జీపు వచ్చింది. ఇక్కడే తెలిసింది నాకు ఒక సంగతి. ఇన్నేళ్లుగా సినిమాలు చూస్తూ నేనూ గమనించలేదు. తెర మీద జీపు ఆగగానే హాలు హాలంతా లేచి నిలబడింది! ఆడవాళ్లు చెప్పులు వెతుక్కుంటున్నారు, నిద్రపోయిన పిల్లల్ని భుజాన వేసుకుంటున్నారు, సైకిళ్ల వాళ్లు టోకెన్లు పట్టుకుని తోసుకుంటున్నారు. గేటు మనిషి తలుపులు బార్లా తీశాడు. బయటి ఎండంతా వచ్చి తెర మీద పడింది. నేను కుర్చీ ఎక్కి నిలబడ్డాను. నాకు కనిపించినవి తలపాగాలు, జడలు, ఒక గొడుగు. శుభం అనే మాట కూడా సగమే కనబడింది. నాలుగు తాలూకాల్లో ఎవరూ ఏ సినిమాకీ ఆఖరి నవ్వు చూసి ఉండరని నాకు అప్పుడు అర్థమైంది.

ఆయన రాగానే చెప్పాను. "అన్నయ్యగారూ, మీరు బతికారో పోయారో నాకు తెలీలేదండి."

ఆయన మొహం పాలిపోయింది. "అదేంటి తమ్ముడూ! అంత బాగా నవ్వితేను!"

తెనాలిలో పడ్డప్పుడు ఇద్దరం కలిసి వెళ్లాం. ఆయన మఫ్లరు కట్టుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. జీపు రాగానే హాలు లేచింది. మేం ఇద్దరం చెరో పక్క నిలబడి "కూర్చోండి! కూర్చోండి!" అని గొంతులు పోయేలా అరిచాం. నా ముందున్నాయన వెనక్కి తిరిగి, "ఏంటండీ మీ గోల, సినిమా మీదా?" అన్నాడు. "అవునండీ, నాదే!" అన్నారు మా తోడల్లుడుగారు మఫ్లరు లోంచి. "అయితే మీరు కూర్చోండి, మాకు బస్సుంది," అని వెళ్లిపోయాడాయన. ఆ రోజు ఇంటికి నడిచి వచ్చినంత నీరసంగా ఆయన చావు వేషాల్లో కూడా నడవలేదు.

రేపల్లెకి ఆ సినిమా రావడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. ఈలోగా అత్తగారు బియ్యంలో రాళ్లు ఏరడం మానేసింది. సూదిలోకి దారం మనవరాలి చేత ఎక్కించుకుంటోంది. సినిమా వచ్చిందని తెలిసి తలుపు చాటు నుంచి ఒకటే అడిగింది. "ఈసారి బతుకుతారా అని అడగవే?" మా ఆవిడ నన్ను చూసింది. నేను ఆయన్ని చూశాను. ఆయన గోడకేసి చూస్తూ "బతుకుతానని చెప్పమ్మా," అన్నారు.

హాలు మేనేజరుని కలిశాం. మంచివాడే. "తలుపులు వేసి ఉంచడం నా వల్ల కాదండీ, జనం బద్దలు కొడతారు. మీరేదన్నా చేసుకుంటానంటే నేను అడ్డు రాను," అన్నాడు. ఆ హాలుకి మగవాళ్ల వైపు ఒక పెద్ద తలుపు, ఆడవాళ్ల వైపు ఒక చిన్న తలుపు. చిన్న తలుపు దగ్గర మా వదినని నిలబెట్టాలనీ, పెద్ద తలుపు ఆయన చూసుకోవాలనీ అనుకున్నాం. ఎలా చూసుకుంటారని అడిగితే చెప్పలేదు.

మ్యాట్నీకి మా అత్తగారు అదే పట్టుచీర కట్టుకుని వచ్చింది. ముందు వరసలో మా ఆవిడ పక్కన కూర్చుంది. మంచి కన్ను మీద వెలుతురు పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని తెరకేసి చూస్తోంది. నేను వెనక కుర్చీల్లో ఉన్నాను. అల్లుడు మజ్జిగ తాగుతుంటే ఆవిడ తల కొంచెం ముందుకి వంగింది. అక్కడ హాలంతా గుసగుసలు. "చిలకల దిండు రాలేదేంటి?" "వచ్చుద్దిలే, ఆగు." ఇంటర్వెల్ దాటినా ఆయన పోకపోయేసరికి జనానికి తోచలేదు. "మన అల్లుడుగారు ఇంకా ఉన్నారే!" అని ఒకరంటే చప్పట్లు కొట్టారు.

జీపు వచ్చింది. హాలు లేచింది. చెప్పుల చప్పుడు, పిల్లల ఏడుపు. అత్తగారి ముందు అప్పుడే రెండు మూడు తలలు అడ్డం వచ్చాయి. మా ఆవిడ కంగారుగా వెనక్కి తిరిగి నాకోసం చూస్తోంది. సరిగ్గా అప్పుడు పెద్ద తలుపు దగ్గర, గడియకి వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాపి ఆయన నిలబడ్డారు. చిన్న తలుపు దగ్గర మా వదిన కూడా అలాగే చేతులు చాపింది. మోచేతుల దాకా గాజులు, వాటి కిందుగా దాటి వెళ్లే ధైర్యం ఏ ఆడమనిషికి ఉంటుంది?

ఆయన నాటకాల్లో అరిచినట్టు అరిచారు. మైకుల్లేని రోజుల్లో మూడు వీధుల అవతలికి వినపడిన గొంతది.

"ఆ పెట్టె ఎక్కడుందో చెప్తాను! అందరూ కూర్చోండి!"

రేపల్లె ఊరు ఊరంతా ఒక్కసారిగా కూర్చుంది. నేను అబద్ధం చెప్పడం లేదు. కుర్చీల వాళ్లు కుర్చీల్లో, బెంచీల వాళ్లు బెంచీల్లో, తలుపు దాకా వచ్చేసినవాళ్లు ఉన్నచోట చతికిలబడ్డారు. పసిపిల్లలు కూడా ఏడుపు ఆపినట్టు నాకు గుర్తు. ఇన్నేళ్ల పెట్టె! అందరూ తెరకి వీపు పెట్టి, నోళ్లు తెరుచుకుని ఆయన్నే చూస్తున్నారు. ఆయన మాత్రం పెదవి మీద వేలు పెట్టుకుని, ఆగండి ఆగండి అని చేత్తో సైగ చేస్తూ నిలబడ్డారు.

మా ఆవిడ కూడా ఆయన్నే చూస్తోంది. తెరకేసి చూస్తున్నది హాల్లో ఒక్క మా అత్తగారే. ఆవిడకి అడ్డం ఒక్క తల కూడా లేదు. తెర మీద హీరో, హీరోయిన్, కమెడియన్, పోలీసు ఇనస్పెక్టరు అందరూ వరసగా నిలబడి నవ్వుతున్నారు. వెనక స్తంభం పక్కన మా తోడల్లుడు, తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి, పై పళ్లూ కింది పళ్లూ కనబడేలా నవ్వుతున్నారు. అంత నవ్వాల్సిన మాట ఎవరూ అనలేదు అక్కడ. దాని మీదే శుభం పడింది.

తర్వాత హాలు హాలంతా ఆయన మీద పడింది. "పెట్టె! పెట్టె!" ఆయన చేతులు జోడించి, "మా అత్తగారి మంచం కింద ఉందండీ!" అని తలుపు గడియ తీసి పరుగు లంకించుకున్నారు. జనం నవ్వుతూ, తిడుతూ, ఈలలు వేస్తూ ఆయన వెంట పడ్డారు. కొందరు కొట్టడానికే పడ్డారనుకుంటాను.

ఆడవాళ్లు ముగ్గురూ రిక్షాలో ఇంటికి వెళ్లారు. దారిలో జరిగింది మా ఆవిడ తర్వాత నాకు పెరట్లో చెప్పింది. రిక్షా ఎక్కగానే మా అత్తగారు, "నా మంచం కింద ఉల్లిపాయలు తప్ప ఏం లేవని చెప్పవే ఆయనకి. రేపు ఊరంతా వచ్చి కూర్చుంటారు," అందిట. వీధి మలుపు తిరిగాక మా వదిన మోకాలి మీద చెయ్యి వేసి ఇలా అందిట: "నీ పెళ్లయినప్పటి నుంచీ మనింటికి వస్తానే ఉన్నాడు. ఎప్పుడూ మూతి బిగించుకునే కూర్చుంటాడు. నవ్వితే ఇంత బాగుంటాడని నాకు తెలవనే తెలవదే. ఎంత బాగా నవ్వుద్దో ఆ మొహం."

సాయంత్రం పాసింజరులో తెనాలి వస్తూ ఈ మాట ఆయనకి చెప్పాను. అప్పటిదాకా జనం ఎలా వెంటపడ్డారో, మిరపకాయ బజ్జీల కొట్టు వెనక ఎలా దాక్కున్నారో అభినయించి రైలుపెట్టె అంతటినీ నవ్విస్తున్న మనిషి, చెప్తున్నది మధ్యలో ఆపేశారు. కిటికీ చువ్వలకి నుదురు ఆనించి ఏడ్చారు. తెర బయట ఆయన ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. నాకు చాలా సంతోషం వేసింది. మనిషి ఏడుస్తుంటే సంతోషమేమిటంటే నేను చెప్పలేను.

ఆ వానాకాలం వెళ్లేసరికి మా అత్తగారి రెండో కన్ను కూడా మూసుకుపోయింది. ఆయన యథాప్రకారం అన్ని సినిమాల్లోనూ పోతూనే ఉన్నారు. ఆవిడ మా వదిన చేతులు తడుముకుంటూ కొత్త గాజులు తొడుగుతూనే ఉంది. కళ్లు కనబడకపోయినా ఆవిడ తలుపు చాటు వదల్లేదు. అలవాటు మరి. నేనూ నా అలవాటు కొద్దీ హాల్లో బిగదీసుకునే కూర్చునేవాణ్ణి.

ఆయన మాత్రం అలా కూర్చోవడం మానేశారు. రేపల్లె ఇంటి గుమ్మంలో కాలు పెడుతూనే, నవ్వడానికి కారణం ఉన్నా లేకపోయినా, తల వెనక్కి వాల్చి నోరంతా తెరిచి ఇల్లు అదిరేలా నవ్వేవారు. అల్లుడు అత్తగారింట్లో అలా నవ్వడమేమిటని వీధిలోవాళ్లు తొంగి చూసేవాళ్లు. మధ్య గదిలో తలుపు అవతల గోడ పట్టుకుని లేస్తున్న అలికిడి వినబడేది.

"పెద్దల్లుడుగారు నవ్వుతున్నారు," అని కేకేసేది మా అత్తగారు. "మంచినీళ్లియ్యండే!"